ఖో ఇచ్చేసిన కృపావరం

డ్రిల్లు పీరియడ్ సగమయ్యేసరికి మైదానంలో ఎర్రదుమ్ము తప్ప ఇంకేమీ కనబడడం లేదు. ఆ దుమ్ములోంచి ఉమామహేశ్వరమ్మ టీచర్ విజిల్ మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగింది.

"అందరూ ఇట్ల రాండి! వరసగా నిలబడండి!"

ఆడపిల్లలంతా రొప్పుతూ వచ్చి నిలబడ్డారు. ఒకరి రిబ్బను ఊడిపోయింది, ఒకరి మోచేయి గీరుకుపోయింది. ఎవరికీ ఆ సంగతే పట్టలేదు. అందరి కళ్ళూ టీచర్ మొహం మీదే ఉన్నాయి.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఆళ్లగడ్డలోని ఆ బడి నుంచి మగపిల్లల జట్లు ఏటా నంద్యాల పోటీలకు పోతూనే ఉన్నాయి. ఆడపిల్లల ఖోఖో జట్టు పోవడం మాత్రం అదే మొదటిసారి. హెడ్‌మాస్టరు గురుస్వామిగారిని ఒప్పించేసరికి ఉమామహేశ్వరమ్మ టీచర్‌కు తలప్రాణం తోకకొచ్చింది. "ఆడపిల్లలకు ఆటలెందుకమ్మా, ఓడిపోయి ఏడ్చుకుంటూ వస్తారు" అన్నాడట ఆయన. "ఒక్కసారి చూడండి సార్" అని టీచర్ పట్టుబట్టింది.

జట్టు తయారైంది. కెప్టెన్ ఎవరో చెప్పడమే మిగిలింది.

"కెప్టెన్..." అని టీచర్ కొంచెం ఆగింది. పిల్లలను ఊరించడమంటే ఆమెకు సరదా. "కృపావరం!"

ఏడో తరగతి కృపావరం చివర్లో నిలబడి ఉంది. సన్నగా, నల్లగా, చురుగ్గా ఉండే పిల్ల. ఇప్పుడిక్కడ ఉన్నట్టే ఉంటుంది, మనం రెప్పవేసేలోపు మైదానం కొసన పాతిన పోలు దగ్గర ఉంటుంది. పరుగొక్కటే కాదు, అవతలి పిల్ల ఎటు తిరుగుతుందో ఆ పిల్లకన్నా ముందు ఈ పిల్లకే తెలుస్తుంది. అది టీచర్ ఎప్పుడో కనిపెట్టింది.

కృపావరం ముందుకొచ్చింది. చేతులు జోడించింది. కళ్ళు మూసుకుంది. మెల్లగా, రాగం తీస్తున్నట్టు ఇలా అంది.

"నేను అయోగ్యురాలిని టీచర్."

టీచర్ చేతిలోని విజిల్ జారి మెడలో వేలాడింది.

"ఏందే? ఏమన్నావ్?"

"అయోగ్యురాలిని టీచర్. ఇంకెవురికన్నా ఇయ్యండి."

అంతే! ఒక్కసారిగా నవ్వులు. సుజాత అయితే పొట్ట పట్టుకుని కింద కూచుండిపోయింది. సుజాత పొడుగ్గా, పచ్చగా ఉంటుంది. ఎప్పుడూ ఇస్త్రీ బట్టలే వేసుకుంటుంది. "టీచర్, ఈ పిల్ల బడికొచ్చిందా, చర్చికొచ్చిందా?" అంది. మళ్ళీ నవ్వులు.

టీచర్ విసుక్కుంది. "వద్దనే దానికి బలవంతంగా ఇస్తే ఏం లాభం? సరే, హజీరా! నువ్వే కెప్టెన్."

హజీరా బిత్తరపోయింది. ఆమె కృపావరానికి ప్రాణ స్నేహితురాలు. బాగా పరుగెత్తుతుంది. కానీ ఆట మధ్యలో ఎవరిని ఎటు పంపాలో అడిగితే దిక్కులు చూస్తుంది.

ఆ రోజు నుంచి బళ్ళో కృపావరం పేరు మారిపోయింది. "ఏమ్మే అయోగ్యురాలా, నీళ్ళు తాగుతాండావా?" "అయోగ్యురాలా, లెక్కలు చేసినావా?" చిన్న క్లాసు పిల్లలకు ఆ మాట నోరు తిరక్కపోయినా అదే పిలుపు.

ఇంతకూ ఆ మాట ఆ పిల్లకు ఎక్కడ దొరికింది?

ఇంట్లో దొరికింది. కృపావరం వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, జీవమ్మ రోజూ సందెవేళ దీపం వెలిగించగానే ఇంటిల్లిపాదినీ చాప మీద మోకాళ్ళూనిస్తుంది. కూలి నుంచి వచ్చిన అమ్మా నాయనా, చేతులైనా సరిగ్గా కడుక్కోని కృపావరం, అందరూ కళ్ళు మూసుకోవాల్సిందే. జేజి ప్రార్థన ఎప్పుడూ ఒకే తీరుగా మొదలవుతుంది. "అయోగ్యులం తండ్రీ! దుమ్ములాంటోళ్ళం తండ్రీ! దేనికీ పనికిరానోళ్ళం తండ్రీ!" జేజి గొంతులో ఆ మాటలు వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది. ఆదివారం యేసుప్రభు గుడిలో పెద్దవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పినా ఆ మాటతోనే మొదలుపెడతారు.

రోజూ వింటున్న మాట కదా, కృపావరం గట్టిగా నమ్మింది. మంచి పిల్లలు ఎవరేం అడిగినా అలాగే చెప్పాలనుకుంది. మెచ్చుకుంటే అయోగ్యురాలిని అనాలి. ముందుకు రమ్మంటే వెనక్కి పోవాలి. అది దేవుడికి ఇష్టమని ఆ పిల్ల లెక్క.

ఇంకోటి కూడా ఉంది. అది ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, తనకు తానైనా చెప్పుకోలేదు. వెనక్కి పోయి కూచుంటే హాయిగా ఉంటుంది. ఊరి బయటి పేట పిల్ల ముందుకొచ్చిందేమని ఎవరూ గుచ్చి గుచ్చి చూడరు.

ఆ శనివారం శిరివెళ్లలో ప్రాక్టీసు ఆట పెట్టారు. నంద్యాలకు పోయే ముందు చెయ్యి తిరగాలని టీచర్ ఆలోచన. పిల్లలంతా ఎర్రబస్సెక్కి పాటలు పాడుకుంటూ పోయారు.

ఖోఖో మీకు తెలిసిందే. తరిమే జట్టు రెండు పోళ్ళ మధ్య వరసగా కూచుంటుంది, ఒకరు ఇటు చూస్తూ, ఒకరు అటు చూస్తూ. ఒకతె తరుముతుంది; ఆ పిల్ల వరసలో దూరకూడదు, వెనక్కి తిరగకూడదు. తనకు అందదు అనుకుంటే కూచున్న పిల్ల వీపు తట్టి "ఖో!" అంటుంది. తట్టించుకున్న పిల్ల గభాలున లేచి తరుముతుంది. తట్టిన పిల్ల ఆ చోట్లో కూచుంటుంది.

ఆట చివరికొచ్చింది. శిరివెళ్ల జట్టులో ఒక పిల్ల పాదరసంలా జారిపోతోంది. పోలు దగ్గరికి రాగానే ఆ పిల్ల ప్రతిసారీ కుడివైపు చూసి ఎడమవైపు తిరుగుతోంది. కూచున్న చోటి నుంచే కృపావరం అది పసిగట్టింది.

"ఏం చేద్దామే?" అని హజీరా పోతూ పోతూ అడిగింది.

"నువ్వే చెప్పు. నేనెంత?" అంది కృపావరం.

అంతలో తన వీపు మీద దెబ్బ పడింది. "ఖో!"

కృపావరం బాణంలా లేచింది. శిరివెళ్ల పిల్ల పోలు దగ్గరికి పోయింది, కుడివైపు చూసింది, ఎడమవైపు తిరిగింది. తిరిగేసరికి కృపావరం అక్కడే ఉంది! చెయ్యి చాపితే చాలు, వీపు అందుతుంది.

కృపావరం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆ పిల్ల వీపు మీద పడలేదు. పక్కన కూచున్న సుజాత వీపు మీద పడింది.

"ఖో!"

సుజాత లేచేసరికి ఆ పిల్ల అటు పోలు దాటేసింది. విజిల్ మోగింది. ఆట అయిపోయింది. ఆళ్లగడ్డ ఓడిపోయింది.

హజీరా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు.

"చేతికందిన మనిషిని పట్టుకోకుండా ఖో ఏంటికి ఇస్తివే?"

"నాకంటే సుజాత బాగా పట్టుకుంటాదేమోనని..."

"అబద్ధం! ఈడ నీకంటే బాగా పట్టేవాళ్ళు లేరని నీకు తెల్సు! తెల్సీ ఇస్తివి!" హజీరా కళ్ళు తుడుచుకుంది. "కెప్టెన్ అని అందరూ నన్ను తిడతారు. నీకేం, అయోగ్యురాలిని అని పోయి కూచుంటావ్."

ఆ మాట కృపావరానికి సూటిగా తగిలింది. బళ్ళో అంతమంది వెక్కిరించినా ఇంత బాధ కలగలేదు.

తిరుగు బస్సులో ఎవరూ పాడలేదు. ఆళ్లగడ్డ బస్టాండులో దిగాక టీచర్ అందరినీ నిలబెట్టి చెప్పింది. "వచ్చే శనివారం నంద్యాల. ఆడ కూడా ఇట్లే ఆడితే మొదటి ఆటకే మూట సర్దుకోని రావాల. అదొక్కటే కాదు, హెడ్‌మాస్టరు ఇంకెప్పటికీ ఆడపిల్లల జట్టు మాటే ఎత్తనియ్యడు. మీ చెల్లెండ్లకు కూడా ఆట ఉండదు. బాగా ఆలోచించుకోండి."

ఆ సందెవేళ జేజి ప్రార్థన అయ్యాక, "నువ్వు చెయ్ పాపా" అంది కృపావరంతో. అమ్మా నాయనా ఇంకా పొలం నుంచి రాలేదు. ఇంట్లో ఇద్దరే.

కృపావరం కళ్ళు మూసుకుంది. "అయోగ్యురాలిని తండ్రీ" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత మాటలు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చాయి. "అందుకే కెప్టెన్ వద్దంటి తండ్రీ. ఆ పిల్ల చేతికందినా పట్టుకోలేదు తండ్రీ. ఖో ఇచ్చేస్తి. ఇంత తగ్గించుకుంటే కూడా ఓడిపోతిమి తండ్రీ. హజీరా నాతో మాట్లాడ్డంలే. ఇంకా ఎంత తగ్గాల తండ్రీ?"

అప్పుడు ఆ ఇంట్లో ఎన్నడూ జరగనిది జరిగింది. ఆమెన్ చెప్పకముందే జేజి కళ్ళు తెరిచింది.

"ఆగు, ఆగు. ఏందీ? కెప్టెన్ అంటే ఏంది?"

"జట్టుకు పెద్ద జేజీ."

"పెద్దగా ఉండమంటే నువ్వేమంటివి?"

"అయోగ్యురాలిని అంటి."

"ఎవురితో?"

"టీచర్‌తో. అందరి ముందర."

నవ్వాలో కోప్పడాలో జేజికి తెలియలేదు. చివరికి రెండూ చేసింది.

"ఓసి తిక్కదానా! అది దేవునితో చెప్పే మాట కదే! టీచర్‌తో ఎవురు చెప్పమనిరి?"

"ఎవురితో చెప్తే ఏం జేజీ? మాట ఒకటే కదా?"

జేజి చాప మీద కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. దీపం వెలుగులో ఆమె మొహం ఎప్పుడూ లేనంత గంభీరంగా ఉంది.

"నా చిన్నప్పుడు మా పల్లెలో పెద్ద వీధి ఉండేది. మా వాళ్ళు ఆ వీధిలో పోవాలంటే చెప్పులిడిసి చేత పట్టుకోని పోవాల. నడెండలో బండలు కాల్తాండినా సరే. మా నాయన అట్లే పోయె, నేనూ అట్లే పోతి. ఎవురన్నా నువ్వెంత అంటే, నేనెంత లే సామీ అంటాంటి. అట్లనడం నా నోటికి అలవాటైపోయింది."

"మళ్ళీ ఏమాయె?"

"మా పల్లెలోనే పెండ్లయినాక మీ జేజినాయన నన్ను గుడికి తోడుకోని పోయినాడు. ఆ పొద్దు మొదటిసారి మోకాళ్ళూనితి. నాకు ప్రార్థన యాడొస్తాది? తెల్సిన మాటే అంటి. నేనెంత తండ్రీ, దేనికీ పనికిరాని దాన్ని తండ్రీ అంటి." జేజి ఆగింది. "ఆ దేవుడు ఏమన్యాడో తెల్సా? అవును, నువ్వు ఆడనే కూచో అనలే. లెయ్యి బిడ్డా అన్యాడు."

"నీకు వినపడెనా జేజీ?"

"చెవులకు కాదు. ఈడ." జేజి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "తిరిగి వచ్చేటప్పుడు పెద్ద వీధి వచ్చింది. అందరూ చెప్పులిడిసిరి. నేను ఇడవలే."

కృపావరం ముందుకు జరిగింది. "ఎవురూ ఏమనలేదా?"

"అనకుండా ఉంటారా? ఏందే, కండ్లు నెత్తికెక్కెనా అని ఒకాయన అరిసినాడు. నా కాళ్ళు గడగడ వణుకుతాండాయి. అయినా చెప్పులు కాళ్ళకే ఉండాయి. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఉండాయి."

జేజి వంగి మనవరాలి గడ్డం పట్టుకుంది.

"దేవుని ముందర వంగితే ఆయన లేపుతాడు పాపా. మనుషుల ముందర అట్ల వంగితే లేపేది ఎవురే? ఇంగొంచెం వంగమంటారు. నేను దినామూ అయోగ్యురాలిని అంటాండా అంటే, ఇంత దాన్ని అంత ప్రేమించినాడే అని సంతోషం పట్టలేక అంటాండా. బాధతో కాదు. నీకు పరుగెత్తే కాళ్ళు ఇచ్చింది ఎవురు?"

"దేవుడే."

"ఆయన ఇచ్చిన దాన్ని నాకొద్దు అంటివి. అది తగ్గించుకునేదా, ఆయన చెయ్యి తోసేసేదా?"

కృపావరం కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

జేజి కొంగుతో తుడిచింది. "ఊరికే ఏడ్చొద్దు. ఆ ఆటేందో చెప్పు నాకు. అందరూ వరసగా కూచుంటారంట కదా?"

"ఊ. ఇట్ల." కృపావరం లేచి నేల మీద గొంతుకూచుని చూపించింది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి, చేతులు నేలకానించి.

"దినామూ ప్రార్థనకు కూచున్నట్టే ఉండాదే! మరి అట్ల కూచునేది ఏంటికి?"

కృపావరం జవాబు చెప్పబోయి ఆగిపోయింది. ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"లేసేదానికి జేజీ."

"ఊ" అంది జేజి. "ఇంక ఆమెన్ చెప్పు. సంగటి చల్లారిపోతాంది."

సోమవారం పొద్దున్నే కృపావరం బడి గేటు దగ్గర హజీరా కోసం కాచుకుని నిలబడింది. హజీరా మొహం తిప్పుకుని పోబోయింది. కృపావరం అడ్డం వచ్చింది.

"తప్పు నాదే హజీరా. ఆ పిల్లను నేను పట్టుకోవాల్సింది. పట్టుకునే తెలివి నాకు ఉండాది. భయపడి ఖో ఇచ్చేస్తి."

హజీరా మూతి ముడుచుకుంది. "ఇంగోసారి ఇస్తావా?"

"ఇయ్యను."

"ఒట్టు?"

"మేము ఒట్లు పెట్టుకోం. ఇయ్యనంటే ఇయ్యను."

హజీరాకు నవ్వాగలేదు. ఇద్దరూ చేతులు పట్టుకుని టీచర్ల గదికి పోయారు. గుమ్మం దగ్గర కృపావరం ఆగింది. లోపల ఉమామహేశ్వరమ్మ టీచర్ ఒక్కతే కాదు, ఇంకో ముగ్గురు సార్లు కూడా ఉన్నారు. వెనక్కి పోదామా అనిపించింది. పోలేదు.

"టీచర్, నేను కెప్టెన్‌గా ఉంటా."

టీచర్ తలెత్తింది. "ఉంటావా? ఆ పొద్దు అట్లంటివి, ఈ పొద్దు ఇట్లంటాండావ్. నీకు వస్తుందా?"

కృపావరం చేతులు జోడించలేదు. కళ్ళు మూసుకోలేదు. టీచర్ కళ్ళలోకి చూసింది.

"వస్తుంది టీచర్."

"మరి హజీరా?"

"అబ్బ, ఇచ్చేయండి టీచర్!" అంది హజీరా. "నా నెత్తిమీద గంప దించినట్టుంటాది!"

గదిలో ఉన్న సార్లు కూడా నవ్వేశారు. టీచర్ తన మెడలోని విజిల్ తీసి కృపావరం చేతిలో పెట్టింది. "అయితే పో. ఈ సాయంత్రం ప్రాక్టీసు నువ్వే పెట్టు."

సాయంత్రం మైదానంలో సుజాత ఊరుకుంటుందా? నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమే, మా అయోగ్యురాలు యోగ్యురాలైపోయెనే! ఎప్పటి నుంచి?" అంది.

పిల్లలంతా నవ్వడానికి సిద్ధమయ్యారు. కృపావరం మొహం చిన్నబోతుందని చూశారు. చిన్నబోలేదు.

"ఆ మాట నేను దేవునికి చెప్పేది సుజాతా. నీకు కాదు. పోలు కాడ నిలబడు, తొందరగా!"

విజిల్ మోగింది. సుజాత ఏం జరిగిందో తెలిసేలోపే పోలు దగ్గర నిలబడి ఉంది.

ఆ వారమంతా ఎర్రదుమ్ము అణగలేదు. కృపావరం అరిచింది, ఉరికించింది, తప్పు చేస్తే తప్పని చెప్పింది, బాగా ఆడితే భుజం తట్టింది. తను తప్పు చేసినప్పుడు "అది నా తప్పే" అని కూడా అంది. ఎవరికి ఏం చేతనవునో ఆ పిల్లకు ముందు నుంచీ తెలుసు. ఇన్నాళ్ళూ నోట్లో దాచుకుంది, ఇప్పుడు బయటపెట్టింది, అంతే తేడా.

శనివారం నంద్యాల. బస్టాండులో టీచర్ అందరికీ ఉగ్గాని, బజ్జీలు తినిపించింది. "కడుపు నిండా తినొద్దు, పరుగెత్తాల" అంటూనే ఇంకో బజ్జీ వేయించింది.

మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. గెలిచిన ప్రతిసారీ హజీరా ఎగిరి గంతేసింది, టీచర్ మాత్రం "ఇంకా ఉండాది, ఇంకా ఉండాది" అంటూ పైటకొంగు నలిపేసింది.

ఆఖరి ఆట నంద్యాల ఊరి జట్టుతో. ఆ పిల్లలందరికీ తెల్ల కాన్వాసు బూట్లు, ఒకే రంగు బట్టలు. మన పిల్లలవి ఉత్తికాళ్ళు, తలా ఒక రంగు పావడా. చుట్టూ జనం గోడలెక్కి కూచున్నారు. వాళ్ళంతా నంద్యాల వాళ్ళే, అరుపులన్నీ ఆ జట్టుకే.

ఆట ముగియబోతోంది. రెండు జట్ల పాయింట్లూ సమానం. ఇంకొక్కరిని అవుట్ చేస్తే ఆళ్లగడ్డ గెలిచినట్టు. మైదానంలో మిగిలింది నంద్యాల జట్టు కెప్టెన్. రెండు జడలేసుకున్న ఆ పిల్ల పోతూ ఉంటే గాలి పోతున్నట్టే ఉంది. ఖో, ఖో, ఖో! ఎంత తరిమినా వరసలో దూరి అటు, మళ్ళీ దూరి ఇటు. ఎవరికీ చిక్కలేదు.

"హజీరా, ఆ పిల్ల కండ్లు చూడొద్దు, కాళ్ళు చూడు! కొండమ్మా, తొందరపడొద్దు! సుజాతా, రెడీగా ఉండు!" కూచున్న చోటి నుంచే కృపావరం అరుస్తోంది. గోడల మీద జనం ఎంత గోల చేసినా ఆ గొంతు అందరికీ వినబడుతోంది.

హజీరా తరుముకుంటూ వచ్చి కృపావరం వీపు మీద చరిచింది. "ఖో!"

కృపావరం లేచింది. రెండు జడల పిల్ల ముందు పరుగు, వెనక కృపావరం పరుగు. పోలు ఇంకా దూరంగా ఉంది. ఆ పిల్ల వరసలో దూరడానికి భుజం వంచింది. దూరిందా, మళ్ళీ చిక్కదు. ఆ సందు పక్కనే సుజాత కూచుని ఉంది. "ఇటివ్వు! నాకియ్యి!" అని అరుస్తోంది. వీపు తట్టడం ఎంత తేలిక! పట్టుకోలేకపోతే ఆ తప్పు సుజాతది అవుతుంది, తనది కాదు.

శిరివెళ్లలోనూ సరిగ్గా ఇలాగే ఉంది.

"నేనే!" అని కేక పెట్టింది కృపావరం. పెట్టి, పరుగులోనే ముందుకు దూకింది. ఒళ్ళంతా చాపి, చెయ్యంతా చాపి దూకింది. మోకాళ్ళు నేలకు గీరుకుపోయాయి. నోట్లోకి మట్టి పోయింది. కానీ చాపిన అరచెయ్యి రెండు జడల మధ్య వీపు మీద ఫట్‌మని పడింది.

విజిల్!

ఒక్క క్షణం ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. అంతలో అంపైరు చెయ్యెత్తి ఆళ్లగడ్డ వైపు చూపించాడు. ఇక చూడాలి! హజీరా వచ్చి మీద పడింది. కొండమ్మ వచ్చి హజీరా మీద పడింది. ఇస్త్రీ బట్టల సుజాత కూడా ఆ మట్టిలోనే పడి దొర్లింది. ఉమామహేశ్వరమ్మ టీచర్ అంత పెద్ద మనిషీ చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చేసింది. కాసేపటి ముందు వాళ్ళ ఊరి జట్టుకు అరిచిన జనమే ఇప్పుడు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బహుమతుల సభ. స్టేజీ మీద పూలదండలేసుకున్న పెద్దమనుషులు కూచున్నారు. "బాలికల ఖోఖో విజేత, ఆళ్లగడ్డ!" అని మైకులో పిలిచారు. పిల్లలంతా బిలబిలమంటూ స్టేజీ ఎక్కి వరసగా నిలబడ్డారు. కృపావరం వరసలో ఒక కొస దగ్గర ఉంది. మోకాళ్ళకు కట్టిన గుడ్డలు, పావడాకు మట్టి, జుట్టంతా రేగిపోయి ఉంది.

బహుమతులిచ్చే ఆఫీసరుగారు వెండి రంగు కప్పు చేత్తో పట్టుకుని వరసంతా ఒకసారి చూశాడు. మధ్యలో పొడుగ్గా, పచ్చగా నిలబడిన సుజాత మీద ఆయన చూపు ఆగింది. మొహం కడుక్కుని, జడ మళ్ళీ వేసుకుని సుజాత ముచ్చటగా ఉంది. ఆయన నవ్వుతూ నేరుగా ఆమె దగ్గరికి పోయాడు.

"శభాష్ కెప్టెన్!" అని కప్పు ముందుకు చాపాడు.

సుజాత చేతులు సగం లేచి ఆగిపోయాయి. ఆమె కృపావరం వైపు చూసింది. స్టేజీ కింద టీచర్ కంగారుగా లేచి నిలబడింది.

అంతమంది పెద్దమనుషులు. ముందర అంతమంది జనం. ఫొటో తీసేవాడు కెమెరా కూడా ఎత్తాడు. ఊరుకుంటే ఒక్క నిమిషంలో అయిపోతుంది. కప్పు ఎవరి చేతిలో ఉంటేనేం, గెలిచింది అందరూ కదా అని ఎవరైనా అంటారు.

కృపావరం వరసలోంచి బయటికి వచ్చింది. నొప్పెడుతున్న మోకాళ్ళతోనే నడిచి వచ్చి ఆఫీసరుగారి ఎదురుగా నిలబడింది. తల ఎత్తింది.

"సార్, కెప్టెన్ని నేను."

ఆఫీసరుగారు ఆ పిల్లను తేరిపార చూశాడు. ఆ తర్వాత సుజాతను చూశాడు. సుజాత ఒక అడుగు పక్కకు జరిగింది.

"అవును సార్. మా కెప్టెన్ ఈ పిల్లే" అంది. అని, అందరికన్నా ముందు తనే చప్పట్లు మొదలుపెట్టింది.

ఆఫీసరుగారికి కొంచెం సిగ్గేసింది. దాన్ని దాచుకోవడానికి గట్టిగా దగ్గాడు. "నీ పేరేంటమ్మా?"

మైకు దూరంగా ఉంది. అయినా ఆ పేరు మైదానం చివర గోడల మీద కూచున్న వాళ్ళకు కూడా వినబడింది.

"కృపావరం!"

ఆ పిల్ల రెండు చేతులూ చాపి కప్పు అందుకుంది.